పద్నాలుగు సెకన్ల సాయిబు గారు

ఆయన పోయిన సంగతి నాకు వాట్సాప్ గ్రూపులో తెలిసింది. గ్రూపు పేరు ‘పావుమైలు అభిమానులు’. అందులో ఉన్నది నలుగురం: ఆయన, నేను, ఇద్దరు పోటీదారులు. అభిమాని అన్నవాడు ఒక్కడూ లేడు. ఆ ఉదయం పోటీదారుల్లో ఒకడైన పిడుగురాళ్ల లారీ డ్రైవరు ‘సాయిబు గారు ఇక లేరు’ అని పెట్టాడు. రెండో పోటీదారు, తుళ్లూరు ఆయన, చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. నాకు ఏం పెట్టాలో తోచక చాలాసేపు ఫోను పట్టుకుని కూర్చున్నాను. మైకు పట్టుకుని బతికినవాణ్ణి, మాట కోసం తడుముకోవడం నాకు అలవాటు లేదు.

ఒకప్పుడు ఆ గ్రూపులోకి వందల మంది వచ్చి పోయారు. నల్లపాడు స్టేషను రోడ్డులో ఆయనకి రిపేరు షాపు ఉండేది. మిరపకీ పత్తికీ మందు కొట్టే మిషన్లు, నీళ్ళ ఇంజన్లు బాగుచేసేవారు. మిషను ఇచ్చి ఫోన్ నంబరు రాయించిన ప్రతి రైతూ ఆ సాయంత్రానికి పావుమైలు అభిమాని అయిపోయేవాడు. మర్నాడు ఆయన రెండు మోటారు సైకిళ్ళు దుమ్ము లేపుకుంటూ పోయే వీడియో పెట్టేవారు. ఆ రైతు గ్రూపులోంచి వెళ్ళిపోయేవాడు. అక్కడితో వదిలేస్తే ఆయన సాయిబు గారు ఎందుకవుతారు? వెంటనే ఫోన్ చేసేవారు.

“అయ్యా, మీరు గ్రూపులోంచి వెళ్ళిపోయారు. మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?”

“ఏ గ్రూపండీ?”

“పావుమైలు.”

“ముందు నా మిషను అయిందో లేదో అది చెప్పండి.”

“మిషను మొన్ననే అయిపోయింది. ఎందుకెళ్ళారో చెప్పి తీసుకెళ్ళండి.”

రైతులు చివరికి మిషన్లు పక్క షాపులో ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పక్క షాపు వాణ్ణి కూడా ఆయన గ్రూపులో చేర్చారు.

డ్రాగ్ రేసు అంటే ఏమిటో తెలియనివాళ్ళకి చెప్పడానికి ఆయన దగ్గర ఒక పాఠం ఉండేది. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి. తిన్నని రోడ్డు మీద పావుమైలు పోతాయి. ముందు పోయిన బండి గెలుస్తుంది. “అంతే!” అనేవారు చివర్లో. ఆ ‘అంతే’ దగ్గర ఆయన ముఖం వెలిగిపోయేది. వినేవాళ్ళ ముఖం సరిగ్గా అక్కడే వాడిపోయేది. “అంతేనా?” అనేవాళ్ళు. ఈ ‘అంతే’కీ ఆ ‘అంతేనా’కీ మధ్య ఆయన జీవితం నడిచింది.

ఆయన దగ్గర గంటలు, నిమిషాలు చెల్లేవి కావు. ఆయన బండి పావుమైలు పోవడానికి పద్నాలుగు సెకన్లు పడుతుంది కనక పద్నాలుగు సెకన్లు ఒక రేసు. గుడ్డు ఉడకడానికి ముప్పై రేసులు. టీ ఆలస్యమైతే, “ఏంది బాబాయ్, పాతిక రేసులు అయిపోయినై, ఇంకా మరగలా?” అని కొట్టు ఆయన్ని అడిగేవారు. దూరమైతే పావుమైళ్ళలో. స్టేషను ఎంత దూరమని ఎవరైనా అడిగితే, “మూడు పావుమైళ్ళండీ. కాకపోతే మధ్యలో రెండు మలుపులున్నై” అనేవారు, ఎవరింట్లోనో జరిగిన అశుభం చెప్పినట్టు. మలుపులంటే ఆయనకి ఒళ్ళుమంట. మలుపు తిరగడం నేర్పు కాదని, రోడ్డు వేసినవాడి చేతగానితనమని ఆయన గట్టి నమ్మకం.

ఇంత వేగం పిచ్చి ఉన్న మనిషి తన మోపెడ్ మీద ఇరవై దాటి పోగా నేను చూడలేదు. ఒకసారి ఆయన వెనక కూర్చుని గుంటూరు వెళ్తున్నాను. మిర్చి బస్తాలు వేసుకున్న రిక్షా ఒకటి మమ్మల్ని దాటిపోయింది. నాకు నామోషీ అనిపించి, “కొంచెం తోలండి సాయిబు గారూ” అన్నాను. ఆయన బండి పక్కకి తీసి ఆపి, ఇంజను కూడా కట్టేసి, వెనక్కి తిరిగారు.

“ఈ రోడ్డు తిన్నగా ఉందా?”

“లేదు.”

“పక్కన ఎవరన్నా పోటీకి నిలబడ్డారా?”

“లేదు.”

“మరెందుకండీ తొందర?”

మళ్ళీ బండి స్టార్టు చేసేలోపు ఇంకో రెండు రిక్షాలు పోయాయి.

ఇంతకీ నాకూ ఆయనకీ ఏమిటి సంబంధమంటే, నా నోరు. నేను హైస్కూల్లో తెలుగు మాష్టారిని. తిరునాళ్ళ రోజుల్లో మాత్రం ఎడ్ల బండలాగుడు పోటీలకి వ్యాఖ్యాతని. మా వైపు ఎడ్ల జత బండని లాగుతుంటే జనం చూడటానికి ఎంత వస్తారో, మైకులో చెప్పేది వినడానికి అంత వస్తారు. ఫలానా ఊరు, ఫలానా మండలం, ఫలానా వారి గిత్తలు, వాటి తల్లి ఎవరు, తండ్రి ఎవరు, నిరుడు ఏ బరిలో ఎన్ని అడుగులు లాగాయి, వాటి యజమాని ఏ పిండి పెడతాడు, అన్నీ చెప్పాలి. ఒక జత పేరు చెప్పడానికే నాకు రెండు నిమిషాలు పడుతుంది. ప్రకాశం జిల్లా నుంచి కూడా నన్ను పిలుస్తారు. గొప్పకి చెప్పడం లేదు. కొంచెం గొప్పకే చెబుతున్నాను.

అలాంటి ఒక పోటీలో పొద్దుటి నుంచీ ఒక మనిషి బరి వైపు వీపు పెట్టి, జనాన్ని చూస్తూ నిలబడి ఉన్నాడు. తెల్ల గడ్డం, గ్రీజు మరకల చొక్కా, మెడలో తాడుకి వేలాడుతున్న స్టాప్‌వాచ్. సాయంత్రం నేను మైకు దించగానే దగ్గరికి వచ్చాడు.

“మాష్టారూ, ఒక్కో జతకి ఎంతసేపు ఇస్తారు?”

“పదిహేను నిమిషాలండీ.”

“ఆ టైములో ఎంత దూరం పోతై?”

“మంచి జతయితే మూడు వేల అడుగులు దాటుద్ది.”

ఆయన కళ్ళు మూసుకుని లెక్క వేసుకున్నారు. “నా బండి పద్నాలుగు సెకన్లలో పదమూడొందల ఇరవై అడుగులు పోయిద్ది. ఒక్కడు రాడు. మీ ఎడ్లు నడుచుకుంటా పోతన్నై. ఇంతమంది ఎండలో మాడతా చూస్తన్నారు. ఏం చేస్తన్నారండీ మీరు వీళ్ళని?”

“నోరండీ, నోరు” అన్నాను నవ్వుతూ.

“అయితే ఆ నోరు నాక్కావాలి” అన్నారు ఆయన. ఆయన నవ్వలేదు.

అప్పటిదాకా ఆయన రేసులు తుళ్లూరు వైపు జరిగేవట. రాజధాని కోసమని వెడల్పాటి రోడ్డు తిన్నగా వేసి, పనులు ఆగిపోయాక దాని మీద గేదెలు తప్ప ఏమీ తిరగని కాలం అది. పొలం రాజధానికి ఇచ్చేసి ఖాళీగా ఉన్న తుళ్లూరు ఆయన ఒకడు, సున్నపు బట్టీకి లారీ తోలే పిడుగురాళ్ల ఆయన ఒకడు ఆయన బండ్లు రెండూ తోలడానికి అక్కడే తగిలారు. ఇద్దరికీ నలభై దాటాయి. లారీ డ్రైవరుకి బొజ్జ కూడా ఉంది. ఒకరోజు వెళ్ళేసరికి రోడ్డు మధ్యలో ఎవరో కంకర గుట్ట పోసిపోయారు. ఇవాళ తీస్తారు, రేపు తీస్తారు అని సాయిబు గారు ఆరు నెలలు ఆ గుట్టని చూసి వచ్చారు. గుట్ట మీద జిల్లేడు మొలిచింది. గుట్టని చుట్టి పోదామని లారీ డ్రైవరు అంటే, ఆయన వారం రోజులు అతనితో మాట్లాడలేదు. చుట్టి పోతే మలుపు కదా.

అందుకని మా తిరునాళ్ళ మీద ఆయన కన్ను పడింది. ఎడ్ల బరి పక్కనే జిన్నింగు మిల్లుకి పోయే సిమెంటు రోడ్డు ఉంది. ఎవరి పుణ్యమో, పావుమైలు పైన తిన్నగా ఉంది. ఆయన్ని తిరునాళ్ళ కమిటీ ప్రెసిడెంటు గారి దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. ప్రెసిడెంటు గారు చెవులు గింగురుమనేలా మాట్లాడే మనిషి.

“ఏందయ్యా సాయిబూ, ఎడ్ల పోటీల్లో మోటారు సైకిళ్ళేందయ్యా?”

“జతకీ జతకీ మధ్యన బండ వెనక్కి జరపటానికి పది నిమిషాలు ఖాళీ వస్తది గదండీ. అది నాకియ్యండి. నాకు పద్నాలుగు సెకన్లే కావాలి.”

“మిగతా టైము?”

“మాష్టారు మాట్లాడతారు.”

ప్రెసిడెంటు గారు ఆలోచించారు. ఆ ఖాళీలోనే జనం లేచి టీలకి, పకోడీలకి పోతారు. పోయినవాళ్ళు మళ్ళీ ఒక పట్టాన రారు. అది ఆయన పాత దిగులు. “సరే, ఒక్క ఏడు చూస్తా. జనం కూర్చున్నోళ్ళు కూర్చున్నట్టే ఉన్నారా, ఏటేటా నీకిస్తా. లేచి పోయారో, మళ్ళీ నా గడప తొక్కమాక” అన్నారు.

ఆ పది నిమిషాలూ పోతే ఆయనకి ఇక రోడ్డు లేదు. ఉన్న రెండు బండ్లూ షాపులో మూల పడుకుంటాయి. ఆ మాట ఆయన అనలేదు గానీ, ఇంటికి పోయేటప్పుడు మోపెడ్ మీద పదిహేనే తోలారు.

తిరునాళ్ళకి ముందు ఆదివారం రిహార్సల్ పెట్టుకున్నాం. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. “అదిగో, ఎడమ గీతలో నిలబడి, సున్నపు రాయి పుట్టిల్లు పిడుగురాళ్ల పట్టణం నుంచి, మన ఆహ్వానాన్ని మన్నించి విచ్చేసిన...” అనేసరికి రేసు అయిపోయింది. అతను అవతలి కొసన హెల్మెట్ తీసి చెమట తుడుచుకుంటున్నాడు. రెండోసారి ‘పట్టణం’ దాకా వచ్చాను. మూడోసారి పేరుతోనే మొదలుపెట్టాను గానీ, మండలం చెప్పకుండా వదిలేయడానికి మనసొప్పలేదు. దాంతో అసలు సంగతంతా రేసుకి ముందే చెప్పేసి, రేసు నడిచేటప్పుడు ఎవరు ముందో అంతవరకే చెప్పాలని తేల్చాం. బండి మొదట ఎవరు కొన్నారు, వాళ్ళెందుకు అమ్మారు, ఇంజను ఎన్నిసార్లు విప్పారు, అంతా ఎడ్ల వంశం చెప్పినట్టే.

అసలు రోజు వచ్చింది. అది మిరపకాయలు ఎండబెట్టే కాలం. మా వైపు కల్లం చాలని వాళ్ళు సిమెంటు రోడ్డు మీదే కాయలు పోస్తారు. సాయిబు గారు నాలుగు రోజుల ముందే ఒక్కొక్క రైతునీ బతిమాలి కాయలు ఎత్తించారు. ఎత్తినా రోడ్డంతా తాలు కాయలు, గింజలు, తొడిమలు మిగిలాయి. వాటి మీద టైరు జారుతుందని ఆయన, ఆయన భార్య చీపుళ్ళు పట్టుకుని పావుమైలూ ఊడ్చారు. అంతా ఊడ్చి ఆ చెత్త ఎక్కడ పోశారయ్యా అంటే, బయలుదేరే గీతకి వెనక. “బండి ముందుకు గదా పోయిద్ది, వెనక్కి పోదు గదా” అన్నారు. గాలికి లేవకుండా పైన పట్టా కప్పి, నాలుగు రాళ్ళు పెట్టారు. అంత జాగ్రత్త మనిషి.

రేసుకి ముందు వెనక చక్రాన్ని ఉన్నచోటనే గిర్రున తిప్పి టైరు వేడెక్కిస్తారు. పట్టు దొరుకుతుందని. ఆరోజు జనం చూస్తున్నారన్న ఉత్సాహంలో లారీ డ్రైవరు గీతకి రెండడుగులు వెనక్కి జరిగి మరీ తిప్పాడు. చక్రం పట్టా అంచుని పట్టుకుంది. పట్టా చుట్టుకుపోయింది, రాళ్ళు ఎగిరాయి, ఆ గుట్టంతా టైరు కిందకి వచ్చింది. పోపులో ఎండుమిరపకాయ ఒకటి మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది. పావుమైలు మీద ఊడ్చిన మిరప చెత్త, కాలుతున్న టైరు కింద మాడితే ఏమవుతుందో ఆ వేళ మా మండలం మొత్తానికి తెలిసింది.

ఎర్రటి పొగ మెల్లగా జనం మీదికి వచ్చింది. మొదట ఎడ్లు తుమ్మాయి. తర్వాత ప్రెసిడెంటు గారు. ఆ తర్వాత ఎవరు ముందో చెప్పలేను. నేను మైకులో దగ్గుతున్నాను. ఎనిమిది లౌడ్‌స్పీకర్లలో నా దగ్గు రెండు ఊళ్ళ అవతలికి వినిపించిందట. ఇద్దరు పోటీదారులకీ హెల్మెట్ అద్దాలు దించి ఉన్నాయి గనక వాళ్ళకేం పట్టలేదు. సాయిబు గారు కళ్ళు మూసుకునే జెండా ఊపారు. లారీ డ్రైవరు తన జీవితంలో అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. ఆ వేగం ఆపలేక, రోడ్డు చివర అడ్డంగా పెట్టిన పత్తి కుక్కిన పెద్ద బోరే సంచుల్లోకి దూరిపోయి, పైనుంచి కింద దాకా దూది అంటుకుని బయటికి వచ్చాడు. ఆ మహత్తరమైన రేసుని ఎవరూ చూడలేదు. జనమంతా తువ్వాళ్ళలో ముఖాలు పెట్టుకుని ఉన్నారు.

పొగ చెదిరాక చూస్తే, లేచి పోయినవాడు ఒక్కడూ లేడు. కళ్ళు కనపడితేగా పోవడానికి! ప్రెసిడెంటు గారు ఎర్రటి కళ్ళు తుడుచుకుంటూ, “మాటంటే మాటే. జనం లేవలా. ఏటేటా నీదే సాయిబూ” అన్నారు. తను కూడా ఏమీ చూడలేదని ఒప్పుకోవడం ఆయనకి చిన్నతనం.

నేను సాయిబు గారిని కౌగలించుకోబోయాను. ఆయన నన్ను తప్పించుకుని ప్రెసిడెంటు గారి ముందుకు పోయి నిలబడ్డారు.

“లేదండీ. ఇది చెల్లదు. లేవకపోవటం వేరు, చూడటం వేరు. వాళ్ళు చూళ్ళేదు. ఫెయిలు రాసుకోండి.”

“నీకేమన్నా మతి పోయిందా? నేను పాసు చేశానంటుంటే!”

“మీరు చేశారండీ. నేను చేయట్లా. పై ఏడు మళ్ళీ పరీక్ష పెట్టండి.”

ఇద్దరూ దగ్గుతూనే చాలాసేపు వాదించుకున్నారు. ఇస్తానన్నదాన్ని వద్దనే మనిషిని ప్రెసిడెంటు గారు తన రాజకీయంలో ఎన్నడూ చూడలేదు. చివరికి, “నీ ఇష్టమయ్యా, పాసో ఫెయిలో నువ్వే రాసుకో, ప్రతి ఏడూ వచ్చి తగలడు” అని దణ్ణం పెట్టారు. సాయిబు గారు షాపుకి పోయి షట్టరు లోపలి వైపు సుద్దముక్కతో ‘ఫెయిలు’ అని రాశారు.

నిజానికి నలుగురు చూశారు. మిరప కోతలకి పోయే ఆడవాళ్ళు. వాళ్ళకి ఆ ఘాటు రోజూ ఉండేదే కనక కళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఆ సంగతి తెలిసి సాయిబు గారు మర్నాడు వాళ్ళు కోస్తున్న చేలోకి వెతుక్కుంటూ పోయారు, నన్ను వెంటబెట్టుకుని.

“చూశారంట గదమ్మా, ఎట్టుంది?”

“బాగానే ఉందయ్యా. ఆ లావుపాటాయన దూదిలో పడ్డాడు.”

“అది గాదమ్మా, రేసు.”

వాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. “బాగానే ఉంది. అంతేనా?” అంది పెద్దామె.

తర్వాతి ఏడు జనం ముందే తువ్వాళ్ళు తెచ్చుకుని కూర్చున్నారు. “సాయిబు గారూ, కారం ఎప్పుడు?” అని కేకలు. కొత్త అభిమానులు రావాలని ఏళ్ళ తరబడి తపించిన మనిషికి కొత్త అభిమానులు వచ్చారు, దగ్గడం కోసం. ప్రెసిడెంటు గారు కూడా చాటుగా, “ఒక అరబస్తా పోస్తే ఏం పోయిందయ్యా” అన్నారు. సాయిబు గారు ఒక్క గింజ కూడా లేకుండా రోడ్డు నీళ్ళు పెట్టి కడిగించారు. జనం ఉసూరుమన్నారు. షట్టరు మీద రెండో ఫెయిలు పడింది.

మూడో ఏడు, పద్నాలుగు సెకన్లు మరీ తక్కువ కాబట్టి రెండో గేరులోనే తోలిస్తే ముప్పై సెకన్లు వస్తుందని నేను సలహా ఇచ్చాను. ఆయన నా వైపు ఎలా చూశారంటే, నేను ఇంక ఆ మాట ఎత్తలేదు. ఎవరో, “ఎన్ని పళ్ళ విభాగమండీ ఇది?” అని అడిగారు, ఎడ్లకి పళ్ళని బట్టి విభాగాలు ఉంటాయి కాబట్టి. ఆయన ఏమాత్రం తడుముకోకుండా, “చైను పడే ముందు పళ్ళచక్రానికి పద్నాలుగు, వెనక దానికి ముప్పై తొమ్మిది” అన్నారు. అడిగినవాడు తల ఊపి, బండి నోటి వైపు చూశాడు. మూడో ఫెయిలు.

ఇన్నేళ్ళలోనూ ఆయన తన రేసు ఒక్కటి కూడా చూడలేదు. అది నాకు ఆలస్యంగా తట్టింది. జెండా ఊపగానే రోడ్డుకి వీపు తిప్పి జనం వైపు చూసేవారు. నిరుడు నాలుగో ఫెయిలు రాసిన రోజు షాపులో కూర్చుని అడిగాను, ఏం చూస్తారని.

“తలలు చూస్తా మాష్టారూ. బండి పోతంటే తలలన్నీ ఎడమ నుంచి కుడికి ఒక్కసారే తిరగాలి. చేలో గాలి కొట్టినప్పుడు పైరంతా ఒక పక్కకి వంగిద్దే, అట్టా. అది జరిగితే పాసు. కారం ఉన్నా లేకపోయినా, గెలిచినా ఓడినా నాకు పట్టదు.”

“తిరగట్లేదా?”

ఆయన స్టాప్‌వాచ్ తాడుని వేలికి చుట్టుకున్నారు. “ఏమనుకోకండి మాష్టారూ. నాలుగేళ్ళ నుంచి చెబుదామని చెప్పలేకపోతన్నా. తలలు మీ వైపు ఉంటన్నై. మైకులో మీరు చెబుతంటే అందరూ మీ నోరే చూస్తన్నారు. బండి పోయినాక, పోయిందా అంటన్నారు.”

నేను చేతిలో టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

“ఆ పద్నాలుగు సెకన్లు మీరు ఊరుకుంటే చాలు. ముందు ఎంతన్నా చెప్పండి, తర్వాత ఎంతన్నా చెప్పండి. పద్నాలుగు సెకన్లు తక్కువేం కాదండీ. మీరు ఒక్కసారి మాట్లాడకుండా చూడండి, ఎంత పొడుగుంటదో.”

నాకు రోషం వచ్చింది. ఎక్కడెక్కడి నుంచో కార్లు పంపించి తీసుకెళ్ళే నోరు ఇది. “నా నోరు కావాలని వచ్చింది మీరే” అన్నాను. “అవునండీ, నేనే” అన్నారాయన. టీ తాగకుండానే లేచి వచ్చేశాను. తర్వాత రెండు మూడుసార్లు ఫోన్ చేశారు. ఒకసారి ఎత్తి, “పై ఏడు చూద్దాంలెండి” అన్నాను. చూద్దాంలెండి అంటే మా వైపు కుదరదనే అర్థం. అది ఆయనకీ తెలుసు. అయినా, “సంతోషం మాష్టారూ” అన్నారు. ఆ ఫోనే ఆఖరు.

చలికాలంలో నిద్రలోనే పోయారు. నల్లపాడు వెళ్ళి సమాధిలో పిడికెడు మట్టి ఇచ్చి వచ్చాను. దూదిలో పడ్డ లారీ డ్రైవరు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు. సిగ్గు మాత్రం వేసింది. పద్నాలుగు సెకన్లు అడిగిన మనిషికి నేను సరేనన్న మాట కూడా ఇవ్వలేకపోయాను.

ఈ ఏడు తిరునాళ్ళలో ప్రెసిడెంటు గారు, “సాయిబు లేడు గదా, ఇంకెందుకులే” అన్నారు. నేను పట్టుబట్టాను. రోడ్డు ఊడ్పించాను, చెత్త మాత్రం మిల్లు వెనక పోయించాను. పోటీదారులు ఇద్దరూ వచ్చారు. వంశం చెప్పడం దగ్గర నేనేం తగ్గలేదు. ఈ బండ్లని విప్పి బిగించిన చేతుల గురించి చెప్పాను, మోపెడ్ గురించి చెప్పాను, కంకర గుట్ట మీద మొలిచిన జిల్లేడు గురించి చెప్పాను. జనం పగలబడి నవ్వారు. చివర, “ఇప్పుడు నేను పద్నాలుగు సెకన్లు మాట్లాడను” అని చెప్పి, మైకు కట్టేసి, రోడ్డుకి వీపు పెట్టి, జనం వైపు తిరిగి నిలబడ్డాను.

నేను మాట్లాడనని అనడమే పెద్ద వింతయిపోయి ముందు అందరూ గప్‌చుప్‌గా నన్నే చూశారు. కమిటీ కుర్రాడెవరో జెండా ఊపాడు. ఒకటి, రెండు అని లోపల లెక్కపెట్టుకుంటున్నాను. వెనక బండ్ల మోత. నా నాలుక చివర ‘పిడుగురాళ్ల పట్టణం’ వచ్చి కూర్చుంది. మింగేశాను. నాలుగు, అయిదు. పక్కన మైకు ఉండి మాట్లాడకపోవడం ఎంత కష్టమో నాకు అప్పుడు తెలిసింది. ఆయన చెప్పింది నిజం, పద్నాలుగు సెకన్లు చాలా పొడుగు. ఆరో సెకను దగ్గర, మిరప కోతల పెద్దామె తల నా మీద నుంచి పక్కకి తిరిగింది. ఆమె పక్కామెది తిరిగింది. ఆ వెనక వరస, ఆపై వరస, గట్టు మీద నిలబడ్డవాళ్ళు, టీ గ్లాసు నోటి దాకా తెచ్చుకున్న ప్రెసిడెంటు గారు, అందరి తలలూ ఎడమ నుంచి కుడికి, ఒక్కసారిగా, మెత్తగా తిరిగాయి. నన్ను చూసేవాడు ఒక్కడూ లేడు. నా పాతికేళ్ళ మైకు జీవితంలో అలా ఎన్నడూ లేదు.

ఎవరు గెలిచారో నేను చూడలేదు. మైకు మళ్ళీ పెట్టడం కూడా మర్చిపోయాను. ఎవరో కేకేసేదాకా అలాగే నిలబడ్డాను.

ఆ సాయంత్రమే నల్లపాడు వెళ్ళాను. షాపు వెనకే వాళ్ళ ఇల్లు. భర్త పోయాక నాలుగు నెలల పది రోజులు వాళ్ళలో ఆడవాళ్ళు గడప దాటరు. ఆమె షాపులోకి తెరుచుకునే తలుపు కర్టెన్ వెనక నుంచి తాళం ఇప్పించారు. లోపలికి పోయి షట్టరు దించాను. నాలుగు ఫెయిళ్ళు వరసగా ఉన్నాయి. ఆయన సుద్దముక్క కిందే ఉంది. వాటి కింద రాసి, పైకి రెండుసార్లు చదువుకున్నాను.

“ఏం రాశారు మాష్టారూ?” అన్నారామె కర్టెన్ అవతల నుంచి.

“పాసని రాశానమ్మా. తలలు తిరిగాయి. అందరివీ. నా కళ్ళతో చూశాను.”

కర్టెన్ కొంచెం కదిలింది. ఏడుస్తున్నారేమో అనుకున్నాను.

“ఆయన ఒప్పుకోరు మాష్టారూ” అన్నారు. “ఒక్క ఏటికే పాసంటే అస్సలు ఒప్పుకోరు. అది చెరిపేసి, పై ఏడు మళ్ళీ పెట్టండి. అప్పటికి నేనూ బయటికొస్తా. నేను చూసి చెబుతా.”

నేను జేబు రుమాలు తీసి చెరిపేశాను.